పల్లపు నేలలో అరుదైన చెట్లు: ఒక తోట డైరీ

2021 డిసెంబరు 19

మా నాన్నగారి నుంచి నాకు సంక్రమించిన 80 సెంట్ల కొబ్బరి తోటలో సగం చెట్లు 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు నేలకూలాయి. ఆయన మళ్ళీ నాటించినవి కాపుకు వచ్చాయి గాని, తూర్పున గోదావరి పాయ గౌతమి ఏటిగట్టు వైపు ఉన్న 35 సెంట్ల ముక్క మాత్రం అప్పటి నుంచి సరిగ్గా తేరుకోలేదు. అక్కడ మిగిలిన 22 కొబ్బరిచెట్ల నీడలో కొన్నేళ్ళు కంద, పసుపు వేశారు. తరువాత అదీ మానేశారు. ఉద్యోగ విరమణ చేసిన ఈ సంవత్సరం ఆ ముక్కను ఒక చిన్న అడవి తోటగా మార్చి, అందులో అరుదైన చెట్లను, పొదలను పెంచి, ప్రతి మొక్కకూ ఒక చరిత్ర రాసిపెట్టాలని నిర్ణయించుకున్నాను. పెంచడంతో పాటు రాసిపెట్టడం కూడా అంతే ముఖ్యమని మొదటి పేజీలోనే నమోదు చేస్తున్నాను. ఎవరి పెరట్లోనో ఒక అపురూపమైన చెట్టు ఉండటం, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన పెద్దాయన కాలం చేయడం, ఆ తరువాత ఇల్లు కట్టేటప్పుడు దాన్ని వంటచెరకుగా కొట్టేయడం మా ఊళ్ళో నేను చాలాసార్లు చూశాను.

పుస్తకం 200 పేజీల గట్టి అట్ట లెడ్జరు. ఒక్కో మొక్కకు ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు కేటాయించాను. ఎడమ పేజీలో సంఖ్య, విన్నన్ని తెలుగు పేర్లు, శాస్త్రీయ నామం, ఎక్కడి నుంచి తెచ్చింది, గింజా అంటా, నాటిన తేదీ ఉంటాయి. కుడి పేజీలో తేదీల వారీగా చూసినవి ఉంటాయి. సంఖ్యను అల్యూమినియం రేకు మీద మేకుతో గీసి, కాండానికి కాక పక్కన పాతిన వెదురు పుల్లకు కట్టాలి, ఎందుకంటే కాండానికి కట్టిన తీగ మొక్క లావెక్కేకొద్దీ బెరడును కోసుకుపోతుంది. తోటలో నిలబడి రాసేటప్పుడు వాన చినుకు పడినా చెరగదు కాబట్టి అంతా పెన్సిలుతోనే రాస్తాను.

2022 ఫిబ్రవరి 13

రెండు నెలలు తిరిగి 17 మొక్కలు సమకూర్చాను: ఎర్రచందనం 3, శ్రీగంధం 2, అశోకం 2, పంపెన 2, చిల్ల 2, జీలుగు (కల్లు తీసే తాటిజాతి చెట్టు) 2, తెల్లపొణికి, సోమిద, నాగకేసరం, పొగడ ఒక్కొక్కటి. కడియం, కడియపులంక నర్సరీల్లో దొరకని మొక్క లేదని మా వైపు అందరూ అంటారు, పూలమొక్కల విషయంలో అది నిజమే. అయితే నాకు కావలసిన వాటిలో కొన్ని మన్యం వైపు వెళ్ళి తెచ్చుకోవలసి వచ్చింది.

అశోకం కోసమే ఎక్కువ తిరిగాను. అశోకం అని అడిగితే ప్రతిచోటా సన్నగా, నిటారుగా పెరిగే నరమామిడినే చూపిస్తారు. బడి ప్రాంగణాల్లో, కల్యాణ మండపాల ముందు వరుసగా కనిపించేది ఆ చెట్టే. దానికి పసుపుపచ్చని చిన్న పూలు వస్తాయి, అవి ఆకుల్లోనే కలిసిపోతాయి. సీత కూర్చున్న వనంలోని అశోకం వేరు. అది సరాకా అశోకా. దాని పూలకు అసలు రేకులే ఉండవు, మనం రేకులనుకునేవి రంగు పట్టిన రక్షకపత్రాలు. అవి పసుపు నారింజ రంగులో విచ్చుకుని ఎర్రబడతాయి, ముదురు కొమ్మల మీదే గుత్తులుగా పూస్తాయి. బెరడు కోసం విపరీతంగా నరకడం వల్ల ఇప్పుడది ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. నీడనూ తేమనూ ఇష్టపడే చెట్టు కనుక మా కొబ్బరిచెట్ల కింద బాగా వస్తుందని నమ్ముతున్నాను.

సోమిదకు మా జిల్లాలతో ఒక బంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1793లో కలకత్తా తోటకు వెళ్ళే ముందు సామర్లకోటలో ఉండి, మన అడవుల్లోని చెట్లను వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. జ్వరానికి వాడే బెరడు కలిగిన ఈ చెట్టు తెలుగు పేరే కొంచెం మారి సోయ్‌మిడా అనే ప్రజాతి నామమైంది. శాస్త్రీయ నామం రాయవలసిన గడిలో మన పేరునే రాస్తున్నందుకు ఆ పేజీ దగ్గర కొంచెంసేపు ఆగిపోయాను.

2022 జూలై 18

వరద. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. ఈసారి గోదావరి దాన్ని దాటి చాలా పైకి వెళ్ళింది. లంక గ్రామాల వాళ్ళు పశువులను తోలుకుని గట్టెక్కారు. మా ఏటిగట్టు నిలబడింది, తోటలోకి ఏరు రాలేదు. నీళ్ళు మాత్రం వచ్చాయి. గట్టు అవతల ఏరు నిండుగా ఉన్నప్పుడు, గట్టు కింది ఇసుక పొరల గుండా ఇవతలకు ఊట దిగుతుంది. ఉదయం తోటలో నడుస్తుంటే అడుగు వేసిన ప్రతిచోటా మడమ గుంటలో నీరు ఊరింది. ఆ నీరు బురద నీరు కాదు, తేటగా ఉంది. నాలుగో రోజుకు పల్లపు భాగంలో నేల కనిపించలేదు.

2022 సెప్టెంబరు 11

ఎర్రచందనం మొక్కల్లో 3, 4 సంఖ్యలవి చనిపోయాయి. ఆగస్టు రెండో వారంలో కింది ఆకులు పసుపుబారాయి, ఆకు రాల్చడమేమో అనుకుని పాదులో ఎరువు వేశాను. నెలాఖరుకు చిగురు వాలింది. నీళ్ళు చాలడం లేదనుకుని రెండు బిందెలు పోయించాను. తోటలో నాతో పనిచేసే పెద్దాయన, కొబ్బరి దింపు తీయడంలో యాభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు, నిన్న పలుగుతో 4వ మొక్క పక్కన తవ్వి నన్ను పిలిచాడు.

"మేస్టారండీ, ఇది నీళ్ళు లేక చావలేదండి. నీళ్ళలో చచ్చిందండి."

అడుగున్నర లోతు వెళ్ళేసరికి గుంటలో నీరు ఊరడం మొదలైంది. మట్టి బూడిద నీలం రంగులో, జిగటగా, మురుగు కాలువ వాసనతో ఉంది. వేళ్ళు నల్లబడ్డాయి. ఒక వేరును వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతొక్క మొత్తం ఒరలాగా జారివచ్చి, లోపల దారం లాంటి తెల్లని కర్ర మాత్రం మిగిలింది. కడప, చిత్తూరు, నెల్లూరు వైపు రాళ్ళ కొండల మీద, నీరు నిలవని నేలలో తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టును తెచ్చి ఒండ్రు పల్లంలో నాటాను. వేరుకు గాలి అందకపోతే అది నీటిని పీల్చలేదు. అందుకే తడిలో నిలబడి ఉన్నా ఆకు ఎండినట్టు వాలుతుంది. అలా వాలిన మొక్కకు నేను ఇంకా నీళ్ళు పోయించాను.

5వ మొక్క బతికి ఉంది. అది పాత పశువుల పాక ఉన్న మెరక మీద ఉంది. పల్లానికీ ఆ మెరకకూ తేడా 17 అంగుళాలు మాత్రమే.

2022 సెప్టెంబరు 18

డైరీలో కొత్త గడి చేర్చాను: నీటి మట్టం. 8 అడుగుల పీవీసీ పైపులు రెండు తీసుకుని, కింది సగానికి సన్నని రంధ్రాలు వేయించి, రంధ్రాల మీద పాత పంచె గుడ్డ చుట్టి, నిలువుగా పాతించాను. చుట్టూ ఇసుక పోసి పైన మూత పెట్టాం. సన్నని వెదురు కర్ర దింపి తీస్తే ఎంత మేర తడిసిందో తెలుస్తుంది, మిగతాది లెక్క. పైపు నం. 1 పల్లంలో, పైపు నం. 2 మెరక మీద ఉన్నాయి. ఈరోజు నేల మట్టం నుంచి నీరు నం. 1లో 14 అంగుళాలు, నం. 2లో 31 అంగుళాల కింద ఉంది. ప్రతి ఆదివారం ఉదయం చూసి రాస్తాను.

2022 నవంబరు 27

తెల్లపొణికి పోయింది. కొండపల్లి బొమ్మలు చెక్కే తేలికైన కర్ర దానిదే. రెండు చిల్ల మొక్కలూ ఎదుగుదల లేకుండా నిలబడ్డాయి. శ్రీగంధం రెండింటిలో పల్లంలోది పోయింది. అశోకం, పంపెన, జీలుగు, పొగడ బాగున్నాయి.

పది వారాల లెక్కలు చూస్తే పల్లంలో నీరు ఒక్క వారం కూడా 2 అడుగుల కిందికి దిగలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఏడాదిలో ఇంచుమించు పది నెలలు కాలువల్లో నీళ్ళు పారే ప్రాంతం మాది. ఇక్కడి రైతుకు నీళ్ళు ఎంత అందుతాయన్న ప్రశ్న కన్నా నీళ్ళు ఎలా బయటికి పోతాయన్నదే పెద్ద ప్రశ్న అని మా నాన్నగారు అనేవారు. వరి విషయంలో చిన్నప్పటి నుంచి తెలిసిన ఈ సంగతి చెట్ల విషయంలో నాకు తట్టలేదు. కొండచెట్లు మా దగ్గర వేసవిలో చనిపోతాయేమోనని భయపడి వేసవికి ఏర్పాట్లు చేశాను. అవి చనిపోయేది మాత్రం ఆగస్టు నుంచి నవంబరు లోపల.

ఈ వారం చేసిన పని: పల్లం మధ్య నుంచి మురుగు కాలువ దాకా అడుగున్నర లోతు బోదె తవ్వించాం. మెరక భాగంలో 8 అడుగుల అడ్డం, 2 అడుగుల ఎత్తు దిబ్బలు నాలుగు పోయించాం. దిబ్బకు లంక ఇసుక రెండు పాళ్ళు, పాత పాక మట్టి ఒక పాలు, కుళ్ళిన కొబ్బరి పొట్టు కొంచెం. ఎర్రచందనం, శ్రీగంధం, సోమిద, చిల్ల ఇకపై దిబ్బల మీదే ఉంటాయి. శ్రీగంధం పక్కన కంది గింజలు వేశాను; అది పక్క మొక్కల వేళ్ళకు తన వేళ్ళు తగిలించుకుని ఆహారం పంచుకునే చెట్టు. కంది తరువాత సరుగుడు పెడతాను.

2023 జనవరి 22

చిల్ల విషయంలో తప్పు బయటపడింది. పండక్కి వచ్చిన మా మేనత్తను తోటకు తీసుకువెళ్ళాను. ఆవిడకు 80 దాటాయి. చిల్ల అనగానే ఆవిడ ముఖం వెలిగింది.

"ఇండుపగింజ చెట్టా? ఏదీ, చూపించు. మా అమ్మ దగ్గర చిన్న గుడ్డ మూట ఉండేది."

కాలువలోకి కొత్తనీరు వచ్చే రోజుల్లో నీళ్ళు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉండేవట. ఇండుపగింజను సానరాయి మీద నాలుగు చుక్కల నీటితో అరగదీసి, ఆ గంధాన్ని కుండలో కలిపి కదలకుండా పెడితే, తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి పైన తేటనీరు ఉండేదట. ఒక్క గింజ ఎన్నో రోజులు వచ్చేదని, అరిగిన గింజను కడిగి ఎండబెట్టి మళ్ళీ మూటలో దాచేవారని చెప్పింది. గింజలోని జిగురు పదార్థం నీటిలో తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తుంది, అందుకే అవి దిగుతాయి. మొక్కతో పాటు అమ్మకందారు ఇచ్చిన గింజలు సీసాలో ఉంటే తెచ్చి ఆవిడ చేతిలో పోశాను. ఒక గింజను బొటనవేలితో తిప్పి చూసి వెంటనే కింద పెట్టేసింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది ఇండుపగింజ కాదురా. ముష్టి గింజ. చెయ్యి కడుక్కో."

ఆవిడ చెప్పింది నిజం. ముష్టి గింజ బిళ్ళలాగా చదునుగా, కోటు బొత్తామంత ఉంటుంది. పైన బూడిదరంగు పట్టులాంటి నూగు మధ్య నుంచి అంచులకు వాలి ఉంటుంది. చిల్లగింజ గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. రెండూ స్ట్రిక్నాస్ ప్రజాతివే, రెండింటి ఆకుల్లోనూ మొదలు దగ్గరే మూడు నుంచి ఐదు ఈనెలు విడిపోతాయి కాబట్టి లేత మొక్కలను ఆకు చూసి విడదీయడం నాకు చేతకాలేదు. ముదిరితే ముష్టి ఆకు పెద్దదిగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది, చిల్ల ఆకు చిన్నది. చిల్లపండు ఉసిరికాయ కన్నా చిన్నదిగా, పండితే నల్లగా ఉంటుంది. ముష్టిపండు నారింజపండులా ఉంటుంది. ఒకటి నీటిని తేటపరిచే గింజ, మరొకటి స్ట్రిక్నిన్ విషం ఉన్న గింజ. ఆ గింజను నమ్మి నీళ్ళకుండలో వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేసింది.

అమ్మినవారికి చెప్పాను, సంచులు కలిసిపోయాయన్నారు. రెండు మొక్కలనూ కంచె అవతలి మూలకు మార్చి, రేకు మీద "ముష్టి, విషం" అని పెద్ద అక్షరాలతో గీశాను. ఎడమ పేజీలో పాత పేరును చెరపలేదు. ఒక గీత కొట్టి, పక్కన కొత్త పేరు, తేదీ, గుర్తించినవారు "మేనత్త" అని రాశాను. ఇకపై పూవో కాయో గింజో చూసేదాకా ఏ పేరు పక్కనైనా ప్రశ్నార్థకం ఉంచుతాను.

2023 మార్చి 26

లాకుల దిగువన కాలువ గట్టు మీద ఒక చెట్టు నిండా తెల్లని పూలు ఉండటం బస్సులోంచి చూసి దిగాను. ఉలిమిరి. మూడేసి ఆకులు అప్పుడే చిగురుస్తున్నాయి. పూలు తెలుపు నుంచి మీగడ రంగుకు మారుతున్నాయి, పొడవాటి ఊదారంగు కేసరాలు పిల్లిమీసాల్లా బయటికి ఉన్నాయి. ఆ దారిలో ముప్పై ఏళ్ళు ఉద్యోగానికి వెళ్ళివచ్చిన నేను దాన్ని ఎన్నడూ గమనించలేదు.

దానికి 40 అడుగుల దూరంలో, వేళ్ళు సగం కాలువ నీటిలోకి దిగి, ఇంకొక పాత చెట్టు ఉంది. వలలు ఆరబెట్టుకుంటున్న ఒకాయనను అడిగితే "కణప అండి" అన్నారు. దాని కాయ నూరి నీళ్ళలో వేస్తే చేపలు మత్తెక్కి తేలతాయని, ఇప్పుడు ఎవరూ ఆ పని చేయడం లేదని చెప్పారు. కాండం చుట్టుకొలత, 1.37 మీటర్ల ఎత్తులో, 2 మీటర్ల 11 సెంటీమీటర్లు. ఆ నీటి మరకలను బట్టి చూస్తే ఏడాదిలో కొన్ని నెలలు దాని మొదలు మునిగే ఉంటుంది.

రాత్రి పుస్తకం ముందు చాలాసేపు కూర్చున్నాను. వందల కిలోమీటర్ల అవతల కొండల మీద అరుదైన చెట్లను తెచ్చి, వాటి కోసం ఇక్కడ దిబ్బలు కట్టి కొండను చేస్తున్నాను. అది మానను, అవీ బతకాలి. అయితే పల్లంలో పుట్టి పల్లంలోనే కనుమరుగవుతున్న చెట్లకు నా పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు. పల్లం ముక్క మొత్తాన్ని వాటికే ఇస్తాను: కణప, ఉలిమిరి, పొన్న, కదంబం, మొగలి.

2023 మే 21

తెల్లవారుజామున నాలుగు గంటలకు కణప దగ్గరికి వెళ్ళాను. కణప పూలు రాత్రి విచ్చుకుని ఉదయానికి రాలిపోతాయని విని, చూడాలనుకున్నాను. టార్చి వేస్తే కొమ్మల నుంచి మూరెడు పొడవు గల ఎర్రని గొలుసులు వందల కొద్దీ వేలాడుతున్నాయి. పువ్వంటే దాదాపు కేసరాలే: ఎర్రని దారాల కుచ్చు, చివర పుప్పొడి చుక్కలు. సన్నని తీపి వాసన, చుట్టూ రెక్కలు చప్పుడు చేసే చిమ్మటలు. అయిదున్నరకు మొదటి కుచ్చు రాలింది. ఆరింటికి గట్టు మీద, కాలువలో మిగిలిన మడుగు మీద ఎర్రని తివాసీ పరిచినట్టయింది, గొలుసుల మీద పచ్చని కాడలు మాత్రం మిగిలాయి. ఆరున్నరకు వచ్చినవాడు ఈ చెట్టు పూసిందని నమ్మడు.

కాలువలు కట్టేసిన రోజులివి. పైపు నం. 1లో 66 అంగుళాలు, నం. 2లో 83.

2023 ఆగస్టు 13

కణప కాయలు 40 ఏరి తెచ్చాను. కాయకు నాలుగు పలకలు ఉంటాయి, దాని శాస్త్రీయ నామంలోని అక్యుటాంగ్యులా అన్న మాట ఆ పలకల వల్లనే వచ్చింది. సంచుల్లో వేసి, సంచులను నీళ్ళు నిలిచే తొట్టిలో పెట్టాను. పొన్న గింజలు 20 తెచ్చి, పదింటికి పెంకు పగలగొట్టి, పదింటిని అలాగే వేశాను.

అశోకం గింజలతో జూలైలో చేసిన ప్రయత్నం ఇక్కడ రాస్తాను. ఒక పాత గుడి ఆవరణలో అశోకం చెట్టు ఉంది. పూజారి గారు అనుమతిస్తే పండిన కాయలు కోసి తెచ్చాను. 31 గింజలను ఆ సాయంత్రమే కడిగి ఇసుకలో పాతాను, మరో 20 గింజలను కాగితంలో చుట్టి అటక మీద పెట్టి మూడు వారాల తరువాత పాతాను. మొదటి వాటిలో 22 మొలిచాయి, 18వ రోజుకు మొదటి మొలక కనిపించింది. రెండో వాటిలో మొలిచినవి 2. అశోకం గింజ ఆరితే చస్తుంది. దాచుకుని పంచే గింజ కాదు. కోసిన చేతితోనే నాటాలి.

మొలక ఆకులు చూడవలసినవి. ఆకులు బయటికి రాగానే నిలబడవు. రాగిరంగులో, తడిసిన పట్టుగుడ్డ పీలికల్లాగా కిందికి వేలాడుతూ వారం పది రోజులు ఉంటాయి. ముట్టుకుంటే వాటిలో బలమే లేదనిపిస్తుంది. ఆ తరువాత ఒక్కో రోజు కొంచెం పచ్చబడి, గట్టిపడి, అడ్డంగా లేస్తాయి. మొదటిసారి చూసి వాడిపోయాయనుకున్నాను. ఎర్రచందనం అనుభవం గుర్తుండి ఈసారి నీళ్ళు పోయకుండా ఆగాను.

2023 అక్టోబరు 8

అశోకం మొలకల మీద మసి. పైన కొబ్బరి మట్టల అడుగున రూగోస్ తెల్లదోమ ఉంది. అది విసర్జించే తీపి జిగురు కింద ఆకుల మీద పడి, దాని మీద నల్లని బూజు పెరుగుతుంది. మందులు కొడితే దోమను తినే మిత్రపురుగులు కూడా పోతాయి కాబట్టి కొట్టలేదు. 22 మొక్కల ఆకులను తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచి, తెరపగా ఉన్న చోటికి మార్చాను. పొన్నలో పెంకు తీసినవి 8 మొలిచాయి, తీయనివి ఇప్పటికి 1. కణప 40కి 29.

2023 డిసెంబరు 8

మూడు రోజుల క్రితం మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలి కన్నా వాన ఎక్కువ. ఊళ్ళో కోసిన వరి పనల మీదే తడిసి మొలకెత్తుతోంది; ఆ ఇళ్ళ ముందు నుంచి నడిచి తోటకు వెళ్ళడానికి మనసొప్పలేదు.

పైపు నం. 1లో 6 అంగుళాలు, నం. 2లో 23. పంపెన ఒకటి మొదలు దగ్గర విరిగింది. దాని ఆకు మూరల పొడవున ఒకే మట్టగా ఉంటుంది కాబట్టి గాలి పట్టేస్తుంది. కొబ్బరి మట్ట పడి ఒక జీలుగు మొవ్వు చీలింది. దిబ్బల మీది ఎర్రచందనం, శ్రీగంధం, సోమిద నిలబడ్డాయి. బోదె పనిచేసింది, పల్లంలో నీరు రెండు రోజుల్లో తీసింది.

2024 జూన్ 16

పల్లంలో నాటినవి: కణప 6, ఉలిమిరి 3 (కొమ్మ ముక్కల నుంచి), పొన్న 4, కదంబం 2. మిగిలిన కణప మొక్కల్లో 12 అడిగినవాళ్ళకు ఇచ్చాను. ప్రతి మొక్కతో పాటు ఎడమ పేజీని చేత్తో రాసిన నకలు కూడా ఇచ్చాను, తల్లిచెట్టు ఉన్న చోటుతో సహా. తీసుకున్నవారిలో ఒకరు "మొక్క చాలండి, కాగితం ఎందుకు" అన్నారు. కాగితం కూడా తీసుకుంటేనే మొక్క ఇస్తానని చెప్పాను.

2024 సెప్టెంబరు 15

పల్లంలో 9 రోజులు జానెడు నీరు నిలిచింది. పొన్న ఒకటి పసుపుబారింది. కణప ఆరూ మొదలు మునిగి ఉన్న రోజుల్లోనే కొత్త ఆకు వేశాయి, నం. 31 ఈ నెలలో 7 అంగుళాలు పెరిగింది. పెద్దాయన గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇవి మనూరివేనండి, మేస్టారండీ. వీటికి నీళ్ళ భయం లేదు."

2025 ఏప్రిల్ 27

లాకుల దిగువన తల్లి కణప లేదు. కాలువ కట్టేసిన రోజుల్లో గట్టు వెడల్పు పని జరిగింది. యంత్రం దాన్ని, ఉలిమిరిని వేళ్ళతో సహా తోసేసింది. నేను వెళ్ళేసరికి కొమ్మలు ట్రాక్టరు ఎక్కాయి. పని చేయిస్తున్నవారిని అడిగితే "అవి ఏదో పిచ్చి చెట్లండి, లెక్కలో లేవు" అని చెప్పారు. నరకవలసిన చెట్ల జాబితా ఒకటి వాళ్ళ దగ్గర ఉంది. అందులో వేప, తుమ్మ, కొబ్బరి ఉన్నాయి. ఈ రెండింటికీ పేరు లేదు. పేరు లేనిదానికి అనుమతి కూడా అక్కర్లేకపోయింది. రెండేళ్ళ ముందే ఈ పుస్తకం తీసుకెళ్ళి చూపించి, ఆ రెండు చెట్ల పేర్లు, కొలతలు అక్కడ ఇచ్చి ఉండవలసింది. ఇవ్వలేదు.

మొదలు నుంచి పలకగా తెగిన ఒక ముక్క తెచ్చుకున్నాను. కర్ర లేత తెలుపు, మధ్యలో గోధుమ ఛాయ. వలయాలు స్పష్టంగా లేవు, వయసు చెప్పలేను.

2025 మే 4

కాలువ మీద మిగిలిన చెట్ల నమోదు మొదలుపెట్టాను. లాకుల నుంచి దిగువకు 3 కిలోమీటర్లు రెండు గట్ల మీద నడిచాను: ఉలిమిరి 1, పొన్న 2, కదంబం 1, గంగరావి చాలా. కణప ఇంకొకటి కనిపించలేదు. పేరు, చుట్టుకొలత, ఏ తూము నుంచి ఎన్ని అడుగులు అన్న వివరాలతో రెండు నకళ్ళు రాసి, ఒకటి పంచాయతీలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

2025 ఆగస్టు 10

4వ గుంట, ఎర్రచందనం పోయిన గుంట, మూడేళ్ళుగా ఖాళీగా ఉంది. ఈ ఉదయం అందులో సంచిలో మిగిలిన చివరి కణపను నాటాం. పెద్దాయన ఈసారి దిబ్బ వేయలేదు, గుంటను పూడ్చకుండా అరచేయి లోతు పల్లంగా ఉంచాడు. సంచి కోసినప్పుడు వేళ్ళు అడుగున రెండు చుట్లు తిరిగి ఉన్నాయి. వాటిని విడదీసి, పొడవైన ఒక వేరును సగానికి కత్తిరించి పరిచాం. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

రాసినది: సంఖ్య 58. కణప. బారింగ్టోనియా అక్యుటాంగ్యులా, కాయ చూసి నిర్ధారించినది. గింజ నుంచి, 2023 ఆగస్టు. తల్లిచెట్టు లాకుల దిగువ, కుడి గట్టు, చుట్టుకొలత 2.11 మీ.; 2025 ఏప్రిల్‌లో తొలగించారు. నాటినప్పుడు ఎత్తు 3 అడుగుల 4 అంగుళాలు. పైపు నం. 1లో నీరు 16 అంగుళాలు.